బోనా, మందా, జిగురు అట్టా? ముందు పెంటికలు చూడండి

వానకాలం వరి కోతలు మొదలైతే చాలు, వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలోనూ పొలాలను ఆనుకొని లేచిన కాలనీల్లోనూ ఎలుకలు ఇళ్లల్లోకి దిగుతాయి. పొలంలో తిండి అయిపోతుంది, ఇంట్లోకేమో కొత్త బియ్యం బస్తాలు వస్తాయి. సంక్రాంతికి సకినాల డబ్బా కూడా తోడవుతుంది. రాత్రి సజ్జ మీద చప్పుడు వినగానే చాలామంది పొద్దున్నే దుకాణానికెళ్లి దొరికిన మందు తెచ్చి పెడతారు. తిరుగుతున్నది ఏదో తెలియకుండా మందు పెట్టడం నాకు ససేమిరా నచ్చదు.

పెంటికలు బియ్యపు గింజంత ఉండి కొసలు సూదిగా ఉంటే అది చిట్టెలుక. అర అంగుళం దాకా ఉంటే ఇంటి ఎలుక. ఇది దూలాలు, పైపులు, కరెంటు వైర్లు పట్టుకొని పైపైనే తిరుగుతుంది, రోజూ పోయే దారిలో గోడకు నల్లటి జిడ్డు మరక పడుతుంది. బాత్రూం వెనకో మోరీ పక్కనో పెద్ద బొక్క, దాని ముందు తాజా మట్టి కుప్ప కనిపిస్తే పందికొక్కు. ఇక గోడ వారగా కీచుమంటూ ఉరికి గదంతా కంపు చేసేది చుంచు. అది అసలు ఎలుక జాతే కాదు, బొద్దింకలూ పురుగులూ తిని బతుకుతుంది. దాని కోసం మందు దండగ, తలుపు కింద సందు మూస్తే సరిపోతుంది.

ఇంటి లోపలికి నా ఓటు బోనుకే. పడిందో లేదో కళ్లకు కనిపిస్తుంది, పిల్లలకు భయం లేదు, సజ్జ మీద చచ్చి వారం రోజులు వాసన కొట్టే బాధ ఉండదు. కానీ పెట్టే పద్ధతి తెలియాలి. చిట్టెలుకకు కొత్త వస్తువంటే ఆసక్తి, వెంటనే వచ్చి చూస్తుంది. అది గూడు చుట్టూ కొద్ది దూరంలోనే తిరుగుతుంది కాబట్టి ఒక్క బోను చాలదు, రెండు మూడు దగ్గరదగ్గరగా పెట్టాలి. ఇంటి ఎలుకకు కొత్తదంటే అనుమానం. రెండు మూడు రాత్రులు బోను బిగించకుండా, తలుపు తెరిచే ఉంచి లోపల తిండి పెట్టండి. అలవాటు పడి తినడం మొదలుపెట్టాక బిగించండి. ఎండు కొబ్బరి, పల్లిపట్టి, కాల్చిన ఎండుచేప, ఏదైనా సరే దారంతో కొక్కేనికి గట్టిగా కట్టాలి. ఊరికే గుచ్చితే మెల్లగా లాక్కుని పోతుంది. బోను గది మధ్యలో కాదు, గోడను ఆనించి, మరక ఉన్న దారిలోనే పెట్టాలి. పడినదాన్ని పక్క ప్లాటులో వదలకండి, తిరిగి మీ ఇంటికో పక్కింటికో వస్తుంది.

మందుల్లో అన్నీ ఒకటి కావు. నల్ల పొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోకి పోగానే విష వాయువు పుట్టిస్తుంది. దానికి విరుగుడు లేదు. పైగా కొద్దిగా తిని బతికిన ఎలుక మళ్లీ దాన్ని ముట్టదు. ట్యూబులో వచ్చే పేస్టుల్లో కొన్నింట్లో పసుపు భాస్వరం ఉంటుంది. మనిషి కడుపులోకి వెళితే కాలేయాన్ని పాడుచేస్తుంది, దీనికీ విరుగుడు లేదు. బజ్జీ ముక్కకు పూసి వంటింట్లో పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి ఆ పని మానండి, పసిపిల్లలున్న ఇంట్లో అయితే ఆ ట్యూబే ఉండకూడదు. బ్రోమాడియోలోన్ బిళ్లలు నెమ్మదిగా, కొన్ని రోజులకు పనిచేస్తాయి కాబట్టి ఎలుకకు అనుమానం రాదు. పొరపాటున మనిషి తింటే డాక్టర్లు విటమిన్ కె తో వైద్యం చేయగలరు. నేనైతే దీన్ని కూడా ఇంటి బయట, పందికొక్కుకే వాడమంటాను. సాయంత్రం బొక్కలన్నీ తడి మట్టితో మూయండి. పొద్దున తెరుచుకున్నది ఏదో, అందులోనే పందికొక్కు ఉంది. బిళ్లను లోతుగా నెట్టి మళ్లీ మట్టి కప్పితే కోళ్లకూ కుక్కలకూ అందదు.

జిగురు అట్ట చవక, నిజమే. కానీ అతుక్కున్న ప్రాణి గంటల తరబడి అరుస్తూ చస్తుంది, బల్లులూ పిట్టలూ కూడా అంటుకుంటాయి. నేను వద్దనే అంటాను. ప్లగ్గుకు పెట్టే శబ్దం మిషన్లకు ఎలుకలు త్వరగా అలవాటుపడతాయి, ఆ శబ్దం గోడ దాటి పోదు. ఆ డబ్బుతో సిమెంటు కొనండి.

ఎందుకంటే ఎన్ని పట్టినా దారి తెరిచి ఉంటే కొత్తవి వస్తూనే ఉంటాయి. చిట్టెలుక మూడు వారాల చూలుకే ఐదారు పిల్లల్ని పెడుతుంది. పెన్సిలు పట్టేంత సందు దానికి చాలు, ఇంటి ఎలుకకు అర అంగుళం పైన ఉంటే చాలు. సింకు కింద పైపు చుట్టూ స్టీలు పీచు కుక్కి దాని మీద సిమెంటు పూయండి, వట్టి గుడ్డలు కుక్కితే రెండు రాత్రుల్లో కొరికేస్తుంది. మోరీ నోటికి ఇనుప జాలీ, తలుపు అడుగున రేకు పట్టీ పెట్టించండి. బియ్యం మూత బిగిసే డ్రమ్ములో పోయండి. లోపలివి పట్టాకే దారులు మూయండి, లేదంటే అవి లోపలే చిక్కుకొని కొత్త బొక్కలు చేస్తాయి.

పెంటికలను పొడిగా ఊడ్చకండి, బ్లీచింగ్ నీళ్లు చల్లి కాసేపు ఆగి, చేతులకు తొడుగులు వేసుకొని గుడ్డతో ఎత్తండి. తర్వాత రాత్రి పూట గోడ వెంట ముగ్గుపిండి పల్చగా చల్లి పడుకోండి. వరుసగా వారం రోజులు దాని మీద అడుగులు పడకపోతే అప్పుడు బోనులు తీసి కడిగి ఎండబెట్టుకోవచ్చు.