‘నలభై దాటిన మహిళల’ హెల్త్ చెకప్ ప్యాకేజీ: అయిదుకి రెండున్నర

ముందే చెప్పేస్తున్నాను, ఈ ప్యాకేజీ తీసుకున్న సెంటర్లో పనిచేసేవాళ్ళ మీద నాకే ఫిర్యాదూ లేదు. రక్తం తీసిన అమ్మాయి ఒక్క పోటుకే నరం పట్టుకుంది. గంటలకొద్దీ కూర్చోబెట్టలేదు. రిపోర్టులు చెప్పిన టైముకే ఫోనుకి వచ్చాయి. నా గొడవంతా ఆ పరీక్షల లిస్టు తయారుచేసినవాళ్ళతోనే. నాకు 53 ఏళ్ళు, మా అక్కకి 66. ఇద్దరం కలిసి వెళ్ళాం, ఇద్దరికీ అచ్చంగా అవే పరీక్షలు. నలభై దాటాక ఆడదాని ఒంట్లో ఇంక మారేదేమీ ఉండదనుకున్నారో ఏమో.

మొదట నింపమని ఒక ఫారం ఇచ్చారు. కాన్పులెన్ని, అబార్షన్లెన్ని, చివరి నెలసరి ఎప్పుడు, కుటుంబ నియంత్రణకి ఏం వాడుతున్నారు. అక్కకి నెలసరి ఆగి చాలా ఏళ్ళయింది. “తేదీ గుర్తులేదమ్మా” అంటే, “ఏదో ఒకటి వేసెయ్యండి ఆంటీ, ఖాళీగా ఉంటే సిస్టమ్ తీసుకోదు” అంది కౌంటర్లో అమ్మాయి. అక్క నోటికొచ్చిన తేదీ చెప్పింది. ఇప్పుడు ఆవిడ ఫైల్లో అది వైద్య సమాచారం! నిద్ర పడుతోందా, వేడి ఆవిర్లు వస్తున్నాయా, దగ్గితే తుమ్మితే మూత్రం పడుతోందా, ఈమధ్య ఎక్కడైనా పడ్డారా అన్న ప్రశ్నలు ఒక్కటీ లేవు. అక్క పోయినేడాది నడుస్తూ నడుస్తూ కాలు జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ ముక్క రాయడానికి ఫారంలో చోటే లేదు.

ఇది ఈ ఒక్క ఫారానికి పట్టిన తెగులు కాదులెండి. తొంభైకి పైగా దేశాల్లో ఇంటింటికీ తిరిగి చేసిన డి.హెచ్.ఎస్. అనే జనాభా, ఆరోగ్య సర్వేల్లో మామూలుగా ఆడవాళ్ళని ప్రశ్నలడిగేది 15 నుంచి 49 ఏళ్ళ దాకానే. ఇంకా విడ్డూరం, అమెరికాలో బాల్టిమోర్ పేరుతో 1958లో మొదలైన వృద్ధాప్య అధ్యయనం. అందులోకి ఆడవాళ్ళని చేర్చుకున్నది 1978లో. ఇరవై ఏళ్ళపాటు ముసలితనం అంటే మగవాళ్ళ ముసలితనమే. మనల్ని లెక్కలోకి తీసుకోనప్పుడు మన కోసం పరీక్షల లిస్టు మాత్రం సరిగ్గా ఎలా తయారవుతుంది?

ఇక అసలు పరీక్షలు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్, మామోగ్రామ్ బాగానే చేశారు, వాటికి వంక పెట్టను. ‘హార్మోన్ ప్రొఫైల్’ అని గొప్పగా రాసిన, అండాశయాన్ని నడిపించే హార్మోను రక్తంలో ఎంతుందో చూసే ఎఫ్‌ఎస్‌హెచ్ దగ్గరే నాకు ఒళ్ళు మండింది. నెలసరి ఆగే ముందు ఏళ్ళలో అది ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. అందుకే 45 దాటిన మామూలు ఆరోగ్యవంతులకి మెనోపాజ్ నిర్ధారించడానికి ఈ పరీక్ష వాడొద్దని బ్రిటన్‌లోని నైస్ అనే ప్రభుత్వ వైద్య సలహా సంస్థ 2015లోనే మార్గదర్శకాల్లో రాసింది. లక్షణాలు అడిగితే చాలు. కానీ అడగాలంటే ఎదురుగా ఒక మనిషి కూర్చుని వినాలి, రక్తం సీసాకయితే ఆ బాధ లేదు.

సి.ఎ.-125 అనే రక్తపరీక్ష ఇంకో రకం. అండాశయం కేన్సర్‌ని ముందే పట్టేస్తుందని బ్రోషర్లో రంగు అక్షరాల్లో వేశారు. బ్రిటన్‌లో రెండు లక్షలమందికి పైగా ఆడవాళ్ళ మీద ఏళ్ళ తరబడి చేసిన పరిశోధన ఫలితం 2021లో వచ్చింది. ఏ లక్షణమూ లేనివాళ్ళకి ఈ పరీక్షతో స్క్రీనింగ్ చేసినా ఆ కేన్సర్‌తో పోయేవాళ్ళ సంఖ్య తగ్గలేదు. అంకె కాస్త ఎక్కువొస్తే మాత్రం స్కానింగులూ, నిద్రలేని రాత్రులూ గ్యారంటీ. ప్యాకేజీలో ‘ఇన్ని పరీక్షలు’ అని చెప్పుకోడానికి తప్ప ఇదెందుకు పెట్టారో నాకు తెలియలేదు.

ఉండాల్సింది మాత్రం లేదు. ఎముకల పరీక్ష అని మడమని చిన్న మిషన్లో పెట్టించి ‘నార్మల్’ అని చీటీ ఇచ్చారు. ఎముక గుల్లబారిందని చెప్పడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన గీత మైనస్ 2.5 టి-స్కోర్ (మన ఎముక సాంద్రత ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ సగటుకి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె). అంతో, అంతకంటే కిందో ఉంటే గుల్లబారినట్టే. అది తుంటికీ వెన్నుకీ ఎక్స్‌రేలతో ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌కి పెట్టిన గీత, మడమ మిషన్‌కి వర్తించదు. 66 ఏళ్ళ మనిషి, నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగిన మనిషి. ఆవిడకి డెక్సా రాయకుండా మడమ చీటీ చేతిలో పెట్టి పంపడం నాకయితే క్షమించరానిదిగా అనిపించింది.

ఆఖర్న డాక్టరుగారితో మాటలు. రాత్రుళ్ళు చెమటలు పట్టి లేస్తున్నానని చెప్పాను. “ఈ వయసులో మామూలే, కొన్నాళ్ళకి పోతాయి” అన్నారు. ఎన్నాళ్ళకి? నడివయసు ఆడవాళ్ళ మీద అమెరికాలో చేసిన స్వాన్ అనే దీర్ఘకాల అధ్యయనంలో తరచుగా ఇలాంటి ఆవిర్లు, చెమటలు వచ్చేవాళ్ళకి అవి ఉన్న కాలం మధ్యస్థంగా 7.4 ఏళ్ళని తేలింది. అంటే సగం మందికి అంతకంటే ఎక్కువే. వీటికి వాడే హార్మోన్ మాత్రల మాటెత్తితే “కేన్సర్ వస్తుంది” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాత్రల మీద చేస్తూ 2002లో మధ్యలో ఆపేసిన పెద్ద అమెరికా ట్రయల్ భయం ఇంకా వదల్లేదన్నమాట. అందులో చేరినవాళ్ళ సగటు వయసు 63. అరవై లోపు ఉండి, మెనోపాజ్ వచ్చి పదేళ్ళు దాటకుండా, వద్దనడానికి వేరే కారణం లేనివాళ్ళకి, ఇబ్బంది ఎక్కువగా ఉంటే నష్టం కంటే లాభమే ఎక్కువని ఇప్పుడు మెనోపాజ్ వైద్య సంఘాలే అంటున్నాయి. నాకు మాత్రలు ఇచ్చి తీరాలని కాదు. నా ఒంట్లో ఉన్న రిస్కు ఎంతో లెక్కేసి చెప్పాలిగా!

ఒక్క విషయంలో మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. లిస్టు చివర్న ‘ఫిజియో సలహా’ అని ఉంది, చాలామంది చూసుకోకుండానే వెళ్ళిపోతారట. ఆ అమ్మాయి తలుపేసి, “నవ్వినప్పుడు, బరువెత్తినప్పుడు లీక్ అవుతోందా అమ్మా?” అని సూటిగా అడిగింది. అక్క నా వైపు చూసింది. నాకు తెలియనే తెలియదు, మా అక్క ఏళ్ళుగా ప్యాడ్ పెట్టుకునే బయటికి వస్తోందట. కటి కండరాలు ఎలా బిగించాలో, ఎంతసేపు పట్టి ఉంచాలో, మూడు నెలలు మానకుండా చేస్తేనే తేడా ఎందుకు తెలుస్తుందో ఓపిగ్గా నేర్పింది. రెండున్నరలో రెండు మార్కులు ఆ అమ్మాయివే.

ఫీడ్‌బ్యాక్ పేజీలో ఇవన్నీ రాసిచ్చాను. సి.ఎ.-125 తీసెయ్యండి, 65 దాటినవాళ్ళకి డెక్సా పెట్టండి, ఫారంలో నిద్ర, పడిపోవడం, మూత్రం గురించి అడగండి అని. “ప్యాకేజీ మార్చడం మా చేతుల్లో లేదు మేడమ్” అన్నారు. ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళ పేరు చెప్పమంటే చెప్పలేదు, పై ఆఫీసు మెయిల్ మాత్రం ఇచ్చారు. దానికీ పంపాను. మీరు కూడా వెళ్తే పంపండి, ఒక్కరి ఉత్తరం చెత్తబుట్టలోకి పోయినంత తేలిగ్గా యాభై ఉత్తరాలు పోవు.

తర్వాత అక్కని వేరేచోటికి తీసుకెళ్ళి డెక్సా చేయించాం. తుంటి టి-స్కోర్ మైనస్ 2.8. మందు మొదలుపెట్టారు. నలభైల్లో ఉండి బీపీ, షుగర్ ఎప్పుడూ చూపించుకోనివాళ్ళు ఈ ప్యాకేజీ తీసుకోవచ్చు, ఫిజియోని కలవకుండా మాత్రం రావొద్దు. అరవై అయిదు దాటినవాళ్ళు, ఎప్పుడైనా చిన్నగా పడి ఎముక విరిగినవాళ్ళు దీనికి పెట్టే డబ్బుతో ముందు డెక్సా చేయించుకోండి.