రిజిస్టరా, పాత ఫొటోనా?

1950 నాటి అమెరికా గూడ్సు వ్యాగన్‌కు నిజానికి దగ్గరగా చిన్న నమూనా కట్టాలంటే రెండు ఆధారాలున్నాయి: అఫీషియల్ రైల్వే ఎక్విప్‌మెంట్ రిజిస్టర్, ఆ కాలపు ఫొటోలు.

రిజిస్టర్‌లో ఒక్కో రైల్వే కంపెనీకి ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు ఏ రకం వ్యాగన్లున్నాయో, వాటి లోపలి పొడవు, మోసే బరువు, ఆ సంచిక నాటికి ఎన్ని మిగిలాయో వరుసగా ఉంటాయి. రకం గుర్తు ఎక్స్‌ఎం అని ఉంటే మామూలు బాక్స్‌కార్, అంటే అన్ని వైపులా మూసిన సరుకుల వ్యాగన్. నా దృష్టిలో దీని అసలు బలం ఆ మిగిలిన బండ్ల సంఖ్యే. రెండు వేల బండ్లున్న వరుసకూ, పదే మిగిలిన వరుసకూ లేఅవుట్ మీద, అంటే నమూనా రైళ్లు నడిపే చిన్న పట్టాల ఏర్పాటులో, సమానంగా చోటిస్తే ఆ కాలం రూపే మారిపోతుంది. ఫొటోలు ఈ సంగతి చెప్పలేవు. పైగా అప్పట్లో చాలామంది కెమెరా ఇంజిన్ వైపే తిప్పేవారు.

అయితే 40 అడుగుల బండి హెచ్‌ఓ స్కేల్‌లో (అసలు కొలతలో సుమారు 87వ వంతు) సుమారు 14 సెంటీమీటర్లని లెక్క కట్టాక రిజిస్టర్ పని దాదాపు అయిపోయినట్టే. పైకప్పు తీరు, చివరి గోడ రేకు మడతలు, నిచ్చెన మెట్లు, మసి పట్టిన చోట్లు ఫొటోలోనే దొరుకుతాయి. ప్రింటు స్పష్టంగా ఉంటే పక్కగోడ మీద బండిని తిరిగి తూచిన తేదీ చదవొచ్చు. ఫొటో అంతకు ముందుది కాదని దాంతో తేలిపోతుంది. నలుపు తెలుపు ఫొటో చూసి రంగు మాత్రం ఖాయం చేయకండి.

నేనైతే ముందు రిజిస్టరే తెరుస్తాను. తర్వాత అదే నంబర్ల వరుసలోని ఫొటో కోసం వెతుకుతాను. పక్క వరుసది దొరికినా వాడను, ఒకే కంపెనీలోనూ వరుస మారితే తలుపులు మారిపోవచ్చు.