బడి పిల్లల చదువుకు గ్రాంటు: సీఎస్ఆరా, ఫౌండేషనా?

కుప్పం, పలమనేరు బడుల్లో 3 నుంచి 5 తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిపరచాలనుకునే చిన్న సంస్థలకు ఈ రెండు దారులున్నాయి.

సీఎస్ఆర్ అంటే 2013 కంపెనీల చట్టం కింద కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన సొమ్ము. సీఎస్ఆర్-1 నమోదు (ఈ సొమ్ము అందుకునే సంస్థలు కేంద్రం దగ్గర చేసుకునేది), 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) లేకుంటే దరఖాస్తు కదలదు. అసలు చిక్కు క్యాలెండరుతోనే. కంపెనీ లెక్కలు మార్చి 31తో ముగుస్తాయి, మన బడులు జూన్‌లో తెరుస్తారు. జనవరిలో డబ్బొస్తే హడావుడిగా ట్యాబ్‌లు కొని బిల్లులు పెట్టడమే మిగులుతుంది. అందుకే ముందే ‘కొనసాగే ప్రాజెక్టు’గా (ఏడాదితో ముగియని పనిగా) కంపెనీ ఆమోదం అడగండి. మిగిలిన సొమ్మును తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడొచ్చు.

ఫౌండేషన్లు, అంటే విరాళాలిచ్చే దాతృత్వ సంస్థలు, దరఖాస్తు పరిశీలించడానికి నెలలు పడుతుంది గానీ, బోధకుల జీతాలకు ఒప్పించడం సులువు. చదువు చెప్పించడానికైతే మా ఓటు దీనికే. బదులుగా ఫలితం చూపాలి. మొదటి వారంలోనే ఒక్కో పిల్లవాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి: అక్షరం, పదం, పేరా, కథ. ఎక్కడ ఆగాడో తేదీతో రాయండి. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఖ, ఘ, భ దగ్గర తడబడితే (తమిళ లిపిలో అవి లేవు) వెనకబడినట్టు రాయకండి. ఈ మొదటి కొలత తప్పితే ఏడాది చివర చూపడానికి ఏమీ ఉండదు, గ్రాంటు రెండో విడత అక్కడే ఆగుతుంది.