35 ఎంఎం లెన్స్: బెజవాడ రోడ్ల మీద చాలాకాలం వాడాక

నేను ఫొటోలు తీసేది ట్రాన్స్‌ఫార్మర్లకి, కిలోమీటరు రాళ్లకి, కాలవ లాకులకి, చేత్తో రాసిన షాపు బోర్డులకి. ఇవి ఎప్పుడు మాయమవుతాయో ఎవరూ చెప్పరు. 2010లో హైవే నంబర్లు మార్చి 5ని 16 చేశారు, 9ని 65 చేశారు. ఊళ్లో ఇప్పటికీ ఫిఫ్త్ హైవే అనేవాళ్లున్నారు. పాత అంకె ఉన్న పసుపు తల రాయి కనబడితే బండి ఆపి తీస్తాను.

ఈ పనికి నేను వాడేది ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాకి 35 ఎంఎం, ఎఫ్1.8 లెన్స్. ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకోగలదు. చాలా కంపెనీలు ఇలాంటిది అమ్ముతాయి. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్) లెక్కలో సుమారు 52 ఎంఎం లెన్స్‌లో కనిపించేంత వెడల్పే దీంట్లోనూ కనిపిస్తుంది. ఫోన్ వైడ్ లెన్స్‌తో దగ్గర్నుంచి తీస్తే రాయి ముందుకు ఉబ్బినట్టు, బోర్డు అంచులు సాగినట్టు వస్తాయి. దీంతో కాస్త వెనక నిలబడి తీస్తాం కాబట్టి వస్తువు ఉన్నట్టే వస్తుంది. ఎఫ్8 పెడితే ఆటోనగర్‌లో లారీ బాడీల మీద పెయింటర్లు రాసే అక్షరాల్లో కుంచె ఎక్కడ ఆగిందో కూడా కనిపిస్తుంది. నాకు ఈ లెన్స్ మీద ఇష్టం కుదిరింది అక్కడే.

సాయంత్రాలు ఇంకా బాగుంటుంది. కెమెరాతో పాటు వచ్చే కిట్ జూమ్ లెన్స్ 35 ఎంఎం దగ్గర ఎఫ్4.5 ఇస్తే, ఇది ఎఫ్1.8 దగ్గర దానికి ఆరు రెట్లు వెలుతురు తీసుకుంటుంది. బీసెంట్ రోడ్డులో తోపుడు బళ్ల బల్బుల వెలుగు చాలు. కానీ ఎల్ఈడీ బోర్డులతో జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ వేగం పెంచితే ఫొటోలో నల్లచారలు పడతాయి. 1/50 లేదా 1/100 సెకను పెడితే చాలావరకు పోతాయి.

ఇరుకు చోట్ల మాత్రం ఇబ్బందే. కెమెరా నిలువుగా పట్టుకున్నా 9 మీటర్ల కరెంటు స్తంభం పూర్తిగా రావాలంటే 13, 14 మీటర్లు వెనక్కి జరగాలి. ఏలూరు కాలవ గట్టున అంత చోటు దొరుకుతుంది, వన్‌టౌన్ సందుల్లో వీపు గోడకి తగులుతుంది. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఒక్క ఫ్రేములో కావాలంటే ఇది సరైన లెన్స్ కాదు. ఒక్క గేటు, దాని పియర్ (పక్కనుండే స్తంభం) తీయడానికి మాత్రం చాలా బాగుంటుంది.

లెన్స్ చిన్నది, 200 గ్రాముల చిల్లర. రోడ్డు మీద ఇది నిజంగా పనికొచ్చే గుణం. పెద్ద లెన్స్ తీస్తే షాపుల వాళ్లు బయటికొచ్చి "రోడ్డు వెడల్పు చేస్తున్నారా సార్?" అంటారు, ఆ టెన్షన్‌లో తప్పులేదు. బోర్డు బాగుందని తీస్తున్నానండీ అని చెప్పి స్క్రీన్ మీద చూపిస్తే చాలామంది ఆ బోర్డు ఎవరు రాశారో, ఎన్నాళ్లయిందో వాళ్లే చెబుతారు. గుంటూరు బ్రాడీపేటలో లైను, అడ్డరోడ్డు (అక్కడ వీధులకి అవే పేర్లు) బోర్డులు తీసేటప్పుడూ ఇదే అనుభవం.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే వెనకనుంచి టార్చి వేసి చూడండి. మన కృష్ణ ఒడ్డు తేమకి అద్దాల మధ్య ఫంగస్ పడుతుంది. సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనబడితే ఎంత తక్కువకిచ్చినా వద్దు. వానాకాలంలో గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, అవి తడి పట్టగానే మార్చండి.