ఇంట్ల పనికి ఏ ఉలి మేలు? డబ్బా ఉలా, దుకాణం ఉలా, కొలిమి ఉలా?

పోయిన ఎండాకాలం మెట్ల కింద జాగ ఖాళీ చేసి చిన్న వర్క్‌షాప్ లెక్క పెట్టుకున్న, ఆరడుగుల పొడుగు నాలుగడుగుల వెడల్పు, అంతే. మా అమ్మ లెక్కల అది చెప్పుల స్టాండ్ పెట్టే జాగ, ఆ పంచాయితీ ఇప్పటికీ తెగలే. పాత దర్వాజ చెక్క ఒకటి నాలుగు కాళ్ల మీద పెట్టి బల్ల చేసిన, ఒక వైస్ బిగించిన. సుత్తె, పటకారు, రంపం, గునియా అన్నీ ఒక్క పూటల వరంగల్ చౌరస్తాకు పోయి తెచ్చిన, వాటికి పెద్దగ బుర్ర పెట్టే పని లేదు, ఉలి కాడికి వచ్చేసరికే ఆగిపోయిన. ఒకరు ఆన్‌లైన్ల డబ్బా సెట్ తెప్పించుకో అంటరు, ఒకరు దుకాణంల కంపెనీదే కొను అంటరు, మా మేనమామ అయితే కొలిమి కాడికి పోరా, ఉలి అంటే కమ్మరి చెయ్యాలె అంటడు. మూడూ వాడి చూసిన, అందుకే రాస్తున్న.

ముందుగాల డబ్బా సెట్ సంగతి. పావించు నుంచి ఇంచున్నర దాక ఆరు ఉలులు, చెక్క డబ్బా, చూడంగనే మనసు పడ్తది, అద్దం లెక్క మెరుస్తుంటయి. దుకాణంల రెండు ఉలులకు అయ్యే పైసలల్ల ఆరు వస్తయి. కానీ మెరుపుకు పదునుకు సంబంధం లేదు. ఉలికి ఏటవాలు పక్క అందరికీ కనవడ్తది, అసలు పని మాత్రం వెనుక పక్కది, ఎందుకంటే అంచు అంటేనే రెండు చదును ముఖాలు కలిసే గీత, వెనుక పక్క గుంట పడి ఉంటే ముందు ఎంత సాన పట్టినా ఆ గీత సక్కగ రాదు. అద్దం ముక్క మీద 220 నంబర్ వాటర్ పేపర్ అతికించి గంటసేపు రుద్దితే అంచులు మెరిసినయి కానీ నడుమల పేపర్ తాకనే లేదు. సరే అని వదిలేసి పాత టేకు ముక్క మీద పెట్టి పది దెబ్బలు వేసిన, అంచు మడతపడ్డది. టేకుల సిలికా ఉంటది, ఇసుక లెక్కనే, మామూలు ఉలి అంచును తొందరగ తినేస్తది, అయినా పది దెబ్బలకే అంటే ఇనుము మెత్తది అన్నట్టే. (గుర్తు వెట్టుకోండ్రి: అంచు మడతపడ్డదంటే మెత్తగుంది, పెచ్చు ఊడిందంటే గట్టిగ అయ్యి పెళుసుగుంది. రెండు జబ్బులకు మందు వేరే.) తమాషా ఏందంటే అదే డబ్బాల రెండు ఉలులు మంచిగనే ఉన్నయి, ముప్పావు ఇంచుది ఇంకా వాడుతున్న. అంటే లాటరీ అన్నట్టు.

దుకాణంల కొంటే కనీసం చేతిల పట్టుకొని చూడొచ్చు. నేను జేబుల చిన్న ఆకురాయి పెట్టుకొని పోయిన, దుకాణం సేటు నన్ను ఎగాదిగా చూసిండు కానీ ఏమనలే. ఉలి మొదలు కాడ, ఎవరికీ కనవడని జాగల మెల్లగ ఒక గీత గీసి చూడాలె: ఆకురాయి జారిపోతే ఉక్కు గట్టిది, కరిచి పొడి రాలితే మెత్తది. కొన్ని ఉలులు మొదలు కాడ కావాలనే మెత్తగ ఉంచుతరు కాబట్టి కొస దిక్కు కూడ చూడాలె, ఇది అడిగి చెయ్యండ్రి, కొనకముందే గీతలు పెడితే ఎవరికైనా కోపమొస్తది. మంచి కంపెనీ ఉలులకు రాక్‌వెల్ లెక్కల (ఉక్కు గట్టితనం కొలిచే లెక్క అది) 58 నుంచి 62 దాక ఉంటది, కొన్నిటికి ప్యాకెట్ మీదనే రాసి ఉంటది. నేను అర ఇంచుది, ఇంచుది రెండే తెచ్చిన. 25 డిగ్రీల ఏటవాలుతోని వచ్చినయి, కొసకు మాత్రం 30 డిగ్రీలతోని సన్నగ ఇంకో ఏటవాలు పట్టిన, గట్టి కట్టెకు అట్ల ఉంటేనే అంచు నిలుస్తది. వెనుక పక్క పది నిమిషాలల్ల చదునైంది, 400, 1000, 2000 పేపర్ల మీద తిప్పినంక ముంజేతి వెంట్రుకలు గొరిగినట్టు లేస్తున్నయి.

సన్నపు పనికి, అంటే సుత్తె లేకుండ చేత్తోనే నెట్టి పొర పొర తీసే పనికి, దీన్ని మించింది లేదు. సొరుగుల మూలలు సాఫ్ చేసుడు, బందుల కోసం గుంట తీసుడు వెన్న కోసినట్టు పోతది. అదే ఉలితోని పెద్ద బెజ్జం కొట్టాలంటే మాత్రం భయమైతది, పక్కలు పల్చగ చెక్కి ఉంటయి కదా, లోపల పెచ్చును లేపుదామని ఇట్ల వంచితే ఉలి అంత వంగినట్టు అనిపిస్తది, ఒకసారి టక్కుమని సప్పుడొచ్చింది, చూస్తే ఇరగలే కానీ గుండె జారింది.

ఇగ కొలిమి సంగతి. మామ నన్ను వర్ధన్నపేట దిక్కు ఒక ఊరికి తీస్కపోయిండు. ముందే ఒక మాట, మృగశిర కార్తె ముందర పోవద్దు, అప్పుడు కర్రులు, కొడవళ్లు పదును పెట్టించుకునేటోళ్లు వరుస కట్టి ఉంటరు, మన ఉలిని ఎవరు చూస్తరు. మొదట నేను పోయిందే గా టైంల, రెండు గంటలు వేపచెట్టు కింద కూసొని వాపస్ వచ్చిన. వానాకాలం నాట్లు అయినంక మళ్ల పోతే కమ్మరి తాత నింపాదిగ మాట్లాడిండు. ఇదివరకు ఊరోళ్లు పంట రాంగనే మేర కింద వడ్లు ఇచ్చేటోళ్లట, ఇప్పుడు చేతిల పైసలే. తిత్తి కూడ లేదు, చిన్న కరెంటు ఫ్యాన్ తిరుగుతాంది.

ఉలికి వాడేది లారీ కమాన్ పట్టి, పాత సామాను కొట్టుల దొరుకుతది, నేనే కొనుక్కపోయిన. కొందరు మన కమ్మరి ఉక్కు అంటే కోనసముద్రం ఉక్కు, డమాస్కస్ కత్తుల ఉక్కు అని కథ మొదలువెడ్తరు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంల ఆ ఉక్కు చేసింది, అది పర్షియా దాక పోయింది, అన్నీ నిజమే, కానీ ఆ పని ఆగిపోయి శానా కాలమైంది, ఇప్పుడు దాగలి మీద ఉన్నది స్ప్రింగ్ స్టీలు. దాంట్ల కార్బన్ 0.6 శాతం అటూఇటూ ఉంటది. దెబ్బకు ఇరగదు, అదే దాని గొప్ప. మంచి ఉలి ఉక్కు నిలిపినంత సేపు మాత్రం అంచును నిలపదు.

తాత చేసే పద్ధతి చూస్తుంటే కొలిమి ఎందుకు చీకటిగ ఉంటదో సమజైంది, కాలిన ఇనుము రంగును కంటితోనే పట్టాలె, ఎండల ఆ రంగు తెల్వదు. నేను పుస్తకం తెలివి చూపిద్దామని అయస్కాంతం తీస్కపోయిన, ఇనుము 770 డిగ్రీల కాడ అయస్కాంతాన్ని పట్టుడు బంద్ చేస్తది, అక్కడికి ఇంకొంచెం పైన నీళ్లల్ల ముంచాలె, అప్పుడే గట్టిపడ్తది. తాత నవ్వి, ఇగో ఇప్పుడు పెట్టు అన్నడు, పెడితే అంటలే, ఆయన కన్ను కరెక్టే. ముంచినంక కొస తళతళ రుద్ది చూస్తుంటే మొదల్ల మిగిలిన వేడి మెల్లగ పాకుతది, గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, ఆఖరికి నీలం, రంగు ముదిరిన కొద్దీ పెళుసుతనం, గట్టితనం రెండూ తగ్గుతయి. కట్టె కొట్టే ఉలికి గడ్డి రంగు కాడనే మళ్ల ముంచి ఆపాలె, ఇనుము కోసే ఉలికైతే ఊదా దాక పోనియ్యాలె.

నా మొదటి ఉలి పాడైంది నా నోటితోనే. గట్టిగ చెయ్యి తాతా, ఇంకా గట్టిగ అన్న, రంగు రాకముందే మళ్ల నీళ్లల్ల ముంచమన్న. ఇంటికొచ్చి వేపకట్టె మీద మూడో దెబ్బకే పెచ్చు ఊడింది. పారేద్దాం అనుకున్న కానీ ఉపాయం తట్టింది, అమ్మ లేనప్పుడు ఆమె కేకుల ఓటీజీల 200 డిగ్రీల మీద గంటసేపు పెట్టిన, పెళుసుతనం పోయింది, ఊడిన కొస అరగదీసి సాన పట్టిన, ఇప్పటిదాక మళ్ల ఊడలే. ఇల్లంత మసి వాసన వచ్చి దొరికిపోయిన అది వేరే ముచ్చట, ఉలికి నూనె లేకుండ తుడవాలని అప్పుడు తెల్వదు.

బెజ్జం పనికి దీని ముందర దుకాణం ఉలి ఆగదు. మందం మస్తు, లోపల పెట్టి వంచినా కదలదు, బరువుకు సగం పని అదే చేస్తది. కుసెలు (బెజ్జంల దూర్చే కట్టె కొసలు), బెజ్జాలు చేసేటప్పుడు బెజ్జం వెడల్పు కట్టె మందంల మూడోవంతు అనేది పాత లెక్క, ఇంచున్నర కట్టెకు అర ఇంచు ఉలి, కాబట్టి అర ఇంచుది ఒక్కటి చేయించుకుంటే ఇంట్ల స్టూళ్లు, పీటలు, చిన్న బల్లలు చాలవరకు ఎల్లుతయి. సన్నపు పనికి మాత్రం మొరటు. వెనుక పక్క చదును చేసుడుకే నాకు రెండు ఆదివారాలు పోయినయి.

గ్రైండర్ జోలికి ఎవరి ఉలితోనైనా జాగ్రత్త. దాని వేడికి అంచు నీలం అయితే ఆ నీలం ఉన్నకాడికి పదును పోయినట్టే, అరగదీసుకోవాలె. కొలిమిదైతే నిశ్చింత, తాత మళ్ల కాల్చి ఇస్తడు, అదొక్కటి నాకు బాగ నచ్చింది.

ఇప్పుడు కొత్తగ మొదలువెట్టేటోళ్లు అడిగితే నేను చెప్పేది ఇదే: దుకాణంల ఇంచు ఉలి ఒకటి, కొలిమిల అర ఇంచు ఉలి ఒకటి, మిగిలిన పైసలు మంచి సాన రాయికి. డబ్బా సెట్ వద్దు. దగ్గర్ల కొలిమి లేనోళ్లు, వేప తుమ్మ లాంటి గట్టి కట్టె జోలికి పోనోళ్లు, దుకాణంవే రెండు కొనుక్కోండ్రి, పని ఆగదు. నా గోడ మీద ఇప్పుడు నాలుగున్నయి, చెయ్యి ముందుగాల పోయేది కొలిమి దాని మీదికే. దానికి పిడి నేనే తుమ్మ కట్టెతోని చెక్కుకున్న, పిడి పగలకుండ ఎక్కించే పొన్ను సరైనది దొరకలే, ప్రస్తుతానికి పాత నల్లా పైపు ముక్క కోసి ఎక్కించిన.