లేసు డిజైన్లు డేటాబేస్‌లో పెట్టిస్తున్నారా, డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు వ్యాపారం చేసేవాళ్ళందరికీ చెప్తున్నానండీ. షాపులకి తిరిగి "మీ డిజైన్లన్నీ డేటాబేస్‌లో పెట్టిస్తా" అంటున్న ఆ సాఫ్ట్‌వేర్ అబ్బాయి మీలో చాలామందికి తెలిసే ఉంటాడు, పేరు రాయట్లేదు.

మా అత్తగారి కాలం నుంచి అల్లించిన డిజైన్లన్నీ స్కాన్ చేయించి ఇచ్చాం. నల్ల స్క్రీన్ తెరిచి లోడ్ ఫైల్ కమాండ్‌తో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోకి ఎక్కించాడు, లిస్టులో చిన్న బొమ్మలు చూపించాడు, అవి బానే ఉన్నాయి, మిగతా డబ్బు తీసుకున్నాడు, వెళ్తూ వెళ్తూ "అన్నీ ఎక్కిపోయాయి కదండీ, ఇంక ఫోల్డర్ ఎందుకు, డిస్కు నిండిపోద్ది" అని మమ్మల్ని అడక్కుండానే అసలు ఫైళ్ళు డిలీట్ చేసేశాడు, రీసైకిల్ బిన్‌తో సహా.

మొన్న ఎక్స్‌పోర్టర్ గారు ఒక టేబుల్ క్లాత్ డిజైన్ అడిగితే తెరిచాం. పైన అంచు, ఒక వరస పువ్వులు, అక్కణ్ణించి కిందదాకా బూడిదరంగే. ఇంకోటి తెరిస్తే అదీ అంతే.

కాకినాడలో ఇంజనీరింగ్ చదివే మా అక్క కూతురు చూసి చెప్పింది, డేటాబేస్‌లో ఫొటోలు దాచే కాలమ్‌ని ఉత్త బ్లాబ్ అనే రకంగా పెట్టాడట, అందులో ఒక్కో ఫొటోకి పట్టేది 65,535 బైట్లే. మీడియంబ్లాబ్ పెడితే 16 ఎంబీ దాకా పట్టేది. స్ట్రిక్ట్ మోడ్ అనే సెట్టింగ్ ఉంటే పట్టదని ఎర్రర్ వచ్చేది, అదీ ఆపేశాడు, దాంతో మిగతాది కోసేసి ఎక్కించేసుకుంది. ఒక్కో ఫొటో ఎన్ని బైట్లు ఎక్కిందో చెప్పే లెంగ్త్ కమాండ్ కొట్టి చూస్తే వరసగా 65535, 65535, 65535. మరీ పెద్ద ఫైళ్ళున్న చోట అసలు నల్, అంటే ఏమీ లేదు; మ్యాక్స్ అలోడ్ ప్యాకెట్ అనే సైజు పరిమితి దాటితే లోడ్ ఫైల్ అంతేనట.

ఫోన్ చేస్తే ముందు మీ స్కానర్ పాడైందన్నాడు. ఆ అంకె చదివి వినిపించాక "అయితే ఏముందండీ, మళ్ళీ స్కాన్ చేయించుకోండి, లేసు ముక్కలే కదా" అన్నాడు. లేసు ముక్కలే కదా అంట! వంటపని అయ్యాక ఆడవాళ్ళు అరుగుమీద కూర్చుని కళ్ళు లాగేస్తున్నా క్రోషే సూదితో అల్లినవి అవి. శాంపిళ్ళు ఎప్పుడో తిరిగిచ్చేశాం, కొన్ని అమ్ముడైపోయాయి, అల్లినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు కూడా. గోదావరి నీళ్ళు తాగినోడికి ఆ మాట ఎలా వచ్చిందో నోట్లోంచి.

ఇతనితో పని చేయించుకున్నవాళ్ళు ఇవాళే లెంగ్త్ చూసుకోండి. కొత్తగా చేయించేవాళ్ళు బాగా పెద్ద ఫైల్ ఒకటి డేటాబేస్‌లోంచి బయటికి తీయించి, అసలు ఫైల్ సైజుతో సరిపోయాకే డబ్బివ్వండి. ఫోల్డర్ మీద మాత్రం ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి.