రోడ్స్ పాత ఊళ్లో చేప తినబోతున్నారా? ముందు తూకం వేయించండి

గ్రీస్‌లోని రోడ్స్ పాత ఊళ్లో ఇద్దరు మధ్యాహ్నం భోంచేస్తే 200 యూరోల బిల్లు చేతిలో పెట్టారని లబోదిబోమనేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు చెప్పేదంతా ఇంచుమించు ఒకటే. అచ్చంగా మోసం అందామంటే కుదరదు, మెనూలో ఉన్న ధరే వేసి ఉంటారు. ఆ ధర ప్లేటుకా, కిలోకా అన్నది చూసుకోకపోవడంతోనే కొంప మునుగుతుంది.

ఇది ఎక్కువగా జరిగే చోటు చెబుతాం. క్రూయిజ్ ఓడ దిగి సముద్ర ద్వారం గుండా కోటలోకి వెళ్తే తేలేది హిప్పోక్రటిస్ చౌరస్తాలో. మధ్యలో ఫౌంటెన్, అక్కణ్నుంచే మొదలయ్యే సోక్రటూస్ వీధి. 1309 నుంచి 1522 దాకా సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ యోధుల సంఘం ఏలిన కోట ఇది, 1988లో యునెస్కో జాబితాకెక్కింది. చూడటానికి ఎంత బాగుంటుందో, కూర్చుని తినడానికి అంత జాగ్రత్త కావాలి. ఓడ సాయంత్రానికి వెళ్లిపోతుంది, ఇవాళ్టి గిరాకీ రేపు మళ్లీ మొహం చూపించదు. ఆ సంగతి హోటల్ వాళ్లకు బాగా తెలుసు. మెనూ పట్టుకుని గుమ్మంలో నిలబడి పిలిచే మనిషిని గ్రీకులో క్రాహ్తిస్ అంటారు, అరిచి పిలిచేవాడని అర్థం. మంచి వంట ఉన్న చోట వాడి అవసరం పెద్దగా ఉండదు.

ఇక చేప. గ్రీస్‌లో తాజా చేపను కిలో లెక్కన అమ్మడం పాత పద్ధతే, అందులో తప్పేం లేదు. మెనూలో ధర పక్కన సన్నటి అక్షరాల్లో ‘టో కిలో’ అని ఉంటుంది (గ్రీకులోనూ కిలోను కిలో అనే అంటారు, మనకు ఆ మాత్రం కలిసొచ్చింది). ‘మెరీదా’ అని ఉంటే అది ప్లేటు ధర. సీ బ్రీమ్‌ను త్సిపూరా, సీ బాస్‌ను లవ్రాకీ అంటారు. ఇవి ఎక్కువగా చెరువుల్లో పెంచినట్టే సముద్రంలో వలల్లో పెంచినవి, చాలాచోట్ల ప్లేటు లెక్కనే దొరుకుతాయి. బర్బూనీ అనే ఎర్ర చేప, ఆస్తకోస్ అనే లాబ్‌స్టర్ అలా కాదు, కిలో లెక్క. అసలు దెబ్బ తగిలేది వీటితోనే, మరీ ముఖ్యంగా లాబ్‌స్టర్‌తో కలిపి వండే స్పగెట్టీతో. స్పగెట్టీయే కదా, ఎంతవుతుందిలే అనుకుంటాం. దాన్ని కూడా లాబ్‌స్టర్ బరువును బట్టే కడతారు.

ఒక లెక్క వేసి చూద్దాం. లాబ్‌స్టర్ కిలో 95 యూరోలు అనుకోండి. వెయిటర్ ‘మీ ఇద్దరికీ సరిపోయేది నేను చూసి తెస్తా’ అంటాడు. వచ్చింది 1.6 కిలోలది. అదొక్కటే 152. పెంకుతో సహా పచ్చిగా ఉన్నప్పుడు తూచిన బరువది, పళ్లెంలో తినేది అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ‘పెద్ద బీరా?’ అని అడిగితే తలూపారు, బూటు ఆకారంలో లీటరు గ్లాసులు రెండు వచ్చాయి, ఒక్కోటి 18. అడగకుండా పెట్టిన బ్రెడ్డు తలకు 2. సలాడ్ 12, నీళ్లు 3. మొత్తం 207.

అందుకని ఆర్డర్ కూర్చున్న చోటునుంచి ఇవ్వకండి. లేచి ఐసు మీద చేపలు పరిచిన అద్దాల పెట్టె దగ్గరికి వెళ్లండి. చేపను మీరే వేలు పెట్టి చూపించి ‘జీయిసే టో, పరకలో’ అనండి, తూచి పెట్టమని. పళ్లెం పెట్టాక కాటా సున్నా చూపించాలి, ఆ తర్వాతే చేప. గ్రాములు చూసి, కిలో ధరతో గుణించి, వచ్చిన అంకెను కాగితం మీద రాయించుకోండి. కాటాను ఫోన్లో ఫొటో తీసినా ఎవరూ ఏమీ అనరు. తూచడానికి మొహమాటపడే హోటల్లో చేప వద్దు, అంతే. మెనూలో పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) గానీ, ‘కటెప్సిగ్మెనో’ అన్న మాటకు పొట్టి రూపం గానీ ఉంటే అది ఫ్రీజ్ చేసిన సరుకు. తాజా ధర ఇవ్వనక్కర్లేదు.

బీరు అడిగేటప్పుడు పెద్దదా చిన్నదా అనకుండా మిల్లీలీటర్లు చెప్పండి. మామూలు సీసాలు 330, 500. బ్రెడ్డు వద్దనుకుంటే పెట్టినప్పుడే వెనక్కి పంపేయండి, ఒక ముక్క కొరికాక వాదన నిలవదు. భోజనం అయ్యాక వచ్చే పండ్లముక్కలు, చిన్న స్వీటు మాత్రం నిజంగానే ఉచితం, కేరస్మా అంటారు. ముందు వచ్చేవి చాలావరకు ఉచితం కావు.

శాకాహారులకు వేరే చిక్కు ఉంది. ‘నిస్తీసిమో’ అంటే ఉపవాసపు వంట అని చెబుతారు. మాంసం, పాలు, గుడ్లు ఉండవు, నిజమే. కానీ వాళ్ల ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్, స్క్విడ్ చెల్లుతాయి! ఆ ఒక్క మాట నమ్మి తినకండి. బియ్యం కూరిన టమాటాల్లో (యెమిస్తా) ఒక్కోసారి ఖీమా కలుపుతారు, ‘హోరిస్ కిమా’ (ఖీమా లేకుండా) అని అడగండి. భయం లేనిది కావాలంటే పితరూద్యా. రోడ్స్ సొంత వంటకం, శనగలతో పుదీనా వేసి చేసే వడలు. మన మసాలా వడకు దూరపు చుట్టం.

బిల్లు దగ్గర రెండు సంగతులు. గ్రీస్‌లో మెనూ ధరలోనే పన్నులు కలిసి ఉంటాయి, మన దగ్గర జీఎస్టీ వేసినట్టు పైన వేయరు. విడిగా ‘సర్వీస్’ అని కలిపితే ఎందుకో అడగండి. చేతిరాత చీటీ రసీదు కాదు. చట్టబద్ధమైన రసీదు ఇవ్వకపోతే కొనుగోలుదారు డబ్బు కట్టనక్కర్లేదు, ఆ వాక్యం మెనూలోనే అచ్చయి ఉంటుంది, చూపించండి. మాట పెరిగితే టూరిస్టు పోలీసుల నంబరు 1571, వినియోగదారుల ఫిర్యాదులకు 1520. చాలాసార్లు ఆ నంబరు నొక్కబోతుంటేనే బిల్లు మళ్లీ లెక్క కడతారు.

కార్డు మిషన్ పనిచేయట్లేదంటే నమ్మకండి, కార్డు తీసుకోవడం వాళ్లకు తప్పనిసరి. మిషన్ తెర మీద యూరోలా, రూపాయలా అని అడుగుతుంది. రూపాయలు చూడగానే మనసు అటు లాగుతుంది గానీ, ఆ మారకపు రేటు వాళ్ల ఇష్టం. మన బ్యాంకు విదేశీ లావాదేవీకి వేసే 2 నుంచి 3.5 శాతం చార్జీ దాని మీద మళ్లీ పడొచ్చు కూడా. యూరోలే ఎంచుకోండి. వెయిటర్ మిమ్మల్ని అడక్కుండా తనే రూపాయలు నొక్కేసి స్లిప్పు ఇస్తే, అక్కడే ఉండగానే అది రద్దు చేయించి యూరోల్లో మళ్లీ గీయించండి.